బానెట్ కోయొద్దు, స్పేసర్ మార్చండి

ప్రశ్న: అన్నా, నాది 1997 మోడల్ మారుతి 800, కార్బొరేటర్ బండి. చిత్తూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ ఎక్కినాక టీకి ఆగితే మళ్ళీ స్టార్ట్ కాదు. పావుగంట బానెట్ ఎత్తిపెడితేనే అందుకుంటుంది. కార్బొరేటర్ కింద వేయమని తెలిసినాయన 25 మిల్లీమీటర్ల అల్యూమినియం స్పేసర్, అంటే మధ్యలో పెట్టే దిమ్మ, ఇచ్చాడు. అది వేస్తే ఎయిర్ క్లీనర్ బానెట్‌కి తగులుతోంది. బానెట్ లోపలి పట్టీ కోసేస్తే సరిపోతుందంటున్నాడు. కోయించమంటారా?
— ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ పట్టీ పోతే బానెట్ రేకుకి బిగువు పోతుంది, హైవే మీద గాలికి అదురుతుంది. పైగా ఇంత చేసినా నీ బండి జబ్బు నయం కాదు.

ఇంజిన్ ఆపగానే ఫ్యాన్ గాలి, నీళ్ళ తిరుగుడు రెండూ ఆగిపోతాయి. ఘాట్ ఎక్కిన వేడంతా పైకి, గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్‌కి పాకుతుంది. దాన్లో పెట్రోల్ నిలవుండే గిన్నెని ఫ్లోట్ చాంబర్ అంటారు. అక్కడ పెట్రోల్ మరిగి, ఇంజిన్‌లోకి వెళ్ళే గొట్టం మానిఫోల్డ్‌లోకి కారుతుంది, పెట్రోల్ ఎక్కువై ఇంజిన్ ఫ్లడ్ అవుతుంది. ఇప్పుడు దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఎథనాల్ ఉంటోంది, అది 78 డిగ్రీలకే మరుగుతుంది. మనకు కావలసింది ఆ వేడిని కింద ఆపే అడ్డు. అల్యూమినియం ఆ పని చేయదు, వేడిని మోసుకెళ్ళడంలో బేకలైట్ కంటే కొన్ని వందల రెట్లు చురుకైనది. ఆ 25 మిల్లీమీటర్ల అల్యూమినియం కంటే 6 మిల్లీమీటర్ల బేకలైట్ ఎంతో మేలు.

ముందు ఒకటి చూడు. ఈసారి బండి మొరాయించినప్పుడు ఎయిర్ క్లీనర్ మూత తీసి కార్బొరేటర్ గొంతులోకి తొంగిచూడు. దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు. లోపల పెట్రోల్ కారుతూ, ఘాటుగా వాసన వస్తుంటే నేను చెప్పిన జబ్బే. అలా కాక, ఆక్సిలరేటర్ లాగినా చుక్క చిమ్మకపోతే పైపులోనో పంపులోనో ఆవిరి పట్టేసినట్టు. దానికి ఏ స్పేసరూ పనికిరాదు, పైపుని వేడికి దూరంగా మళ్ళించాలి.

ఇక ఎయిర్ క్లీనర్‌కీ బానెట్‌కీ మధ్య జాగా సంగతి. కంటితో అంచనా వేయొద్దు. ఇంట్లో చపాతీకి కలిపిన గోధుమపిండి నాలుగు ముద్దలు తెచ్చుకో, ఒక్కోటి నిమ్మకాయంత. ప్లాస్టిక్ కాగితం చుట్టి ఎయిర్ క్లీనర్ అంచుల మీద మూడుచోట్ల, నడిమి నట్టు మీద ఒకచోట పెట్టు. బానెట్ మెల్లగా దించి, లాక్ పడేదాకా నొక్కి, మళ్ళీ ఎత్తు. ముద్దలు అణిగి ఉంటాయి. అన్నిటికంటే పలచగా అణిగినదాన్ని కొలువు, అదే నీకున్న జాగా. అందులోంచి స్పేసర్ మందం, అదనంగా పడే ప్యాకింగ్ (సందు మూసే పలచటి షీటు) మందం తీసేశాక కనీసం 20 మిల్లీమీటర్లు మిగలాలి.

20 ఎందుకంటే, ఈ తప్పు నేను చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక అంబాసిడర్‌కి స్పేసర్ వేసి, నిలబడిన బండి మీదే కొలిచి, 8 మిల్లీమీటర్లు మిగిలింది చాలులే అని పంపేశాను. ఇంజిన్‌ని పట్టుకునే మౌంటింగ్ రబ్బర్లు చచ్చిపోయి ఉన్నాయి, నేను చూడలేదు. ఘాట్‌లో సెకండ్ గేర్‌లో తొక్కితే ఇంజిన్ లేచి, ఎయిర్ క్లీనర్ నట్టు బానెట్‌ని లోపలి నుంచి పొడిచింది. రూపాయి బిళ్ళంత బుడిపె. “రంగు ఏపించి నెల కూడా కాలేదన్నా” అన్నాడాయన, అంతే, ఇంకో మాట అనలేదు. ఆ మాట నాకింకా గుర్తుంది. రంగు నేనే వేయించి ఇచ్చాను. అందుకే ముందు మౌంటింగులు చూసుకో. హ్యాండ్‌బ్రేక్ వేసి, బండి ముందు ఎవరూ లేకుండా, బానెట్ ఎత్తి ఇంజిన్‌ని రేజ్ చేయించి పక్కనుంచి గమనించు. ఎంత ఊగుతోందో తెలుస్తుంది.

జాగా కుదిరితే 6 మిల్లీమీటర్ల హైలం షీట్ తీసుకో, నేను చెప్పిన బేకలైట్ ఇదే, పాత కరెంటు బోర్డులకి వాడేది. కార్బొరేటర్ అడుగు ప్యాకింగ్‌నే అచ్చుగా పెట్టి లేత్ షాపులో కోయించు. రంధ్రం అంచు గొంతులోకి పొడుచుకు రాకూడదు. కింద ఒకటి, పైన ఒకటి కొత్త ప్యాకింగ్ వేయి. కార్బొరేటర్‌ని బిగించే పాత స్టడ్లు (మర ఉన్న కడ్డీలు) పొట్టివైపోతాయి, పొడవైనవి వేయించు. 8 మిల్లీమీటర్ల స్టడ్డు అయితే నట్టుకి కనీసం 8 మిల్లీమీటర్ల మర దొరకాలి. ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించు. బలంగా లాగితే హైలం పగులుతుంది, కార్బొరేటర్ అడుగు వంగుతుంది. తర్వాత ఐడిలింగ్‌లో ఉంచి చుట్టూ సబ్బునీళ్ళు రాయి. ఇంజిన్ శబ్దం మారితే అక్కడ గాలి లాగుతోందన్నమాట. కార్బొరేటర్ పైకి లేచింది కాబట్టి ఆక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్ రెండూ బిగుసుకుంటాయి. పెడల్ వదిలితే థ్రాటిల్ పూర్తిగా వెనక్కి రావాలి. ఇది చూడకుండా మొగిలి ఘాట్ దిగొద్దు.

ఆ 6 మిల్లీమీటర్లకి కూడా జాగా లేకపోతే 3 మిల్లీమీటర్ల హైలం వేసి, సైలెన్సర్ మానిఫోల్డ్‌కీ ఫ్లోట్ చాంబర్‌కీ మధ్య ఒక రేకు అడ్డు కట్టించు. ఎయిర్ ఫిల్టర్‌ని మాత్రం పొట్టిది చేయొద్దు, గాలి చాలక మైలేజీ పోతుంది.

అందాకా, ఘాట్ ఎక్కి ఆగాక స్టార్ట్ చేయాలంటే చోక్ ముట్టుకోకు. ఆక్సిలరేటర్‌ని పంపు కొట్టినట్టు కొట్టకుండా, అడుగుదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టు. అందుకోగానే కాలు తీసెయ్.