ట్యూషన్ మానేసిన హారికకి పెద్దమ్మ ఉత్తరం

మైలాపూరు, చెన్నై

చిరంజీవి హారికకి పెద్దమ్మ ఆశీస్సులు.

ట్యూషన్ మానేసి ఇంగ్లీషు నువ్వే చదువుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఐసీఎస్ఈ పదో తరగతి పరీక్షలు నెత్తి మీదకొచ్చాక ఇదేం ధైర్యమే తల్లీ అని ముందు గుండె దడదడలాడింది. నందిని పాల ప్యాకెట్ మీది అక్షరాలు కూడబలుక్కుని, తప్పు చదివిన తాతయ్యని సరిదిద్దిన పిల్లవి కదా అని ఆ తర్వాత మురిసిపోయాను. అంతా బాగానే ఉంది గానీ మీ బెంగళూరు అవెన్యూ రోడ్డుకెళ్లి మూడు గైడ్లు కొనడం దేనికి? పాత ప్రశ్నపత్రాలు ఐదేళ్లవి చాలు. అవే అటూ ఇటూ తిప్పి అడుగుతారు.

నా భయమంతా టైము గురించి. లాంగ్వేజ్ పేపరు 80 మార్కులు, 2 గంటలు, అంతకుముందు చదువుకోవడానికి 15 నిమిషాలు. గ్రామర్ 5వ ప్రశ్న, అంటే అన్నిటికన్నా చివర. దానికి 20 మార్కులు. నీకు కథలు రాయడం మోజు. 350 పదాలు చాలన్నచోట ఐదొందలు రాసి, చివర గ్రామర్‌కి ఎనిమిది నిమిషాలు మిగుల్చుకునే రకానివి. అందుకని ముందే గ్రామర్ చేసెయ్, 20 నిమిషాల్లో. వ్యాసానికి 35, లెటర్‌కి 20, నోటీసూ ఈమెయిలూ కలిపి 15, కాంప్రహెన్షన్‌కి 25. మిగిలిన ఐదు నిమిషాలు తప్పులు చూసుకోవడానికి. ఏ ప్రశ్న ముందు రాసినా నంబరు సరిగ్గా వెయ్యి, అంతే.

ప్రిపొజిషన్లు విడిగా బట్టీ పట్టకు, పక్కన ఉండే మాటతో కలిపి నోటికి రావాలి: అక్యూజ్డ్ ఆఫ్, గుడ్ ఎట్, మ్యారీడ్ టు. ఆ చివరిదాని దగ్గర మనవాళ్లు అందరూ 'విత్' పెడతారు.

ఇన్‌డైరెక్ట్ స్పీచ్, అంటే ఒకరన్న మాటని మన మాటల్లో చెప్పడం, దాని దగ్గర మాత్రం కూర్చోవాలి. తెలుగు ఇళ్లలో పెరిగిన పిల్లలు ఎప్పటినుంచో పడుతున్న గొయ్యి ఇది. ఇంట్లో మనం 'ఆకలేస్తోందని చెప్పింది' అంటాం. చెప్పడం నిన్న జరిగినా, ఆకలి ఇంకా వేస్తున్నట్టే ఉంటుంది. తెలుగులో అది తప్పు కాదు. ఆ అలవాటుతోనే 'షి సెడ్ దట్ షి ఈజ్ హంగ్రీ' అని రాస్తారు. 'సెడ్' కనబడగానే లోపలి క్రియ వెనక్కి జరగాలి: ఈజ్ కాస్తా వాజ్, విల్ కాస్తా వుడ్, క్యాన్ కాస్తా కుడ్, వెంట్ కాస్తా హ్యాడ్ గాన్. జరగకూడని చోట్లు రెండు గుర్తుంచుకో. 'షి సేస్' అని వర్తమానంలో ఉంటే కదపకు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు లాంటి ఎప్పటికీ నిజమైన సంగతులూ కదపకు.

ఈ వాక్యం చూడు: హి సెడ్ టు మి, "ఐ విల్ మీట్ యూ హియర్ టుమారో." ఇందులో ఆరు మార్పులున్నాయి. 'సెడ్ టు' పోయి 'టోల్డ్', 'ఐ' పోయి 'హి', 'విల్' పోయి 'వుడ్', 'యూ' పోయి 'మి', 'హియర్' పోయి 'దేర్', 'టుమారో' పోయి 'ద నెక్స్ట్ డే'. హి టోల్డ్ మి దట్ హి వుడ్ మీట్ మి దేర్ ద నెక్స్ట్ డే. పిల్లలు క్రియ మార్చేసి పని అయిపోయిందనుకుంటారు, టుమారో అలాగే కూర్చునుంటుంది. ఒక్క చూపులో అన్నీ దొరకవే. మూడుసార్లు చదువు: ఒకసారి క్రియల కోసం, ఒకసారి ఎవరు ఎవరితో అన్నారో చూడ్డానికి, ఒకసారి చోటూ రోజూ చూడ్డానికి.

ప్రశ్నలయితే ఇంకో తిప్పలు. 'వేర్ ఆర్ యూ గోయింగ్?' అన్నదాన్ని 'హి ఆస్క్‌డ్ మి వేర్ వాజ్ ఐ గోయింగ్' అని రాసి, చివర ప్రశ్నార్థకం కూడా పెడతారు. 'వేర్ ఐ వాజ్ గోయింగ్' అని మామూలు వాక్యం వరసలో రాసి ఫుల్‌స్టాప్ పెట్టు. అవునా కాదా అని అడిగే ప్రశ్నకి 'ఇఫ్' గానీ 'వెదర్' గానీ వస్తుంది. దాని ముందు 'దట్' తగిలించావంటే బెంగళూరొచ్చి మరీ తిడతాను.

అండ్, బట్, సో లేకుండా వాక్యాలు కలపమంటారు చూడు, అక్కడ అందరికీ 'హావింగ్' మీద మోజు. 'హావింగ్ ఫినిష్డ్ ద మీల్, ద ప్లేట్స్ వర్ వాష్డ్' అని రాస్తే కంచాలే భోంచేసినట్టు. కామా తర్వాత వచ్చేది ఆ పని చేసిన మనిషే అయ్యుండాలి. 'నో సూనర్' తర్వాత 'డిడ్' పెడితే క్రియ మొదటి రూపం, 'హ్యాడ్' పెడితే మూడో రూపం. మధ్యలో రావలసింది 'దాన్', 'దెన్' కాదు. 'హార్డ్‌లీ' అయితే 'వెన్'.

ఇక లిటరేచర్ పేపరు. సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, ఐరనీ అని పేర్లు వల్లించి ఊరుకోకు. మీ కన్నడ టీచరు అలంకారం రాయిస్తే ఉపమేయ, ఉపమాన, సమాన ధర్మ అని విడగొట్టి చివర సమన్వయ రాయమంటుంది కదా, ఇంగ్లీషులోనూ అదే చెయ్యి. 'ద రోడ్ లే లైక్ ఎ స్లీపింగ్ స్నేక్' అని ఉందనుకో. 'సిమిలీ' అని రాసి ఆగితే సగం జవాబే. రోడ్డుని పాముతో పోల్చాడు. వంకరలు తిరిగి, కదలకుండా ఉండడం రెండిటికీ సామాన్యం. నిద్రపోయే పాము ఎప్పుడైనా లేవచ్చు కాబట్టి చదివేవాడికి ఏదో కీడు జరగబోతోందన్న శంక కలుగుతుంది. ఆ ఆఖరి వాక్యం ఎప్పుడూ వదలకు.

'యాజ్' కనబడిందల్లా సిమిలీ కాదు. వాడు వాళ్లన్నంత పొడుగున్నాడంటే అది ఉత్త కొలత. అలిటరేషన్, అంటే పక్కపక్క మాటలు ఒకే ధ్వనితో మొదలవడం, చెవితో పట్టుకోవాలి: సిటీ, క్యాట్ రెండూ ఇంగ్లీషులో 'సి' అక్షరంతోనే మొదలైనా అలిటరేషన్ కాదు, ఫోన్, ఫిష్ అవుతాయి. వానలో తడిస్తే ఐరనీ కాదు, దురదృష్టం. గొడుగుల కొట్టువాడు గొడుగు మర్చిపోయి తడిస్తే ఐరనీ.

రాత్రి పదిన్నర దాటి మేలుకోకు, కళ్లు గుంటలు పడిపోతున్నాయని మీ అమ్మ బెంగ పెట్టుకుంది. ఇన్‌డైరెక్ట్ స్పీచ్ వాక్యాలు పది రాసి శనివారం లోపు వాట్సాప్‌లో ఫొటో పెట్టు. పెన్సిలుతో రాస్తే నాకు ఆనదు, పెన్నుతో రాయి. ఎర్రసిరాతో దిద్ది ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తాను.

పెద్దమ్మ