మెషీను కొనేముందు గాలిదారి చూడు

చిరంజీవి అల్లుడికి,

శ్రీకాకుళంలో కొత్తింట్లో చేరాక పాపకి రాత్రిళ్లు దగ్గు వస్తోందని, ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలనుకుంటున్నామని రాశావు. పాపని ముందు డాక్టరుకి చూపించు. మెషీను మాత్రం నెల రోజులు ఆపు. నువ్వు పంపిన ప్లానులో పొగ బయటికి పోయే దారే సరిగా లేదు.

వాస్తు అని వంటిల్లు ఆగ్నేయంలో కట్టారు. మన తీరానికి సముద్రం ఉన్నదీ ఆగ్నేయం వైపే. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఆ మూల మీదే కొడుతుంది. మీ ఎగ్జాస్ట్ ఫ్యాను తూర్పు గోడకి ఉంది కాబట్టి, సాయంత్రం చేపలు వేయించే వేళకి అది ఎదురుగాలితో పోరాడుతుంది. పొగ హాలు దాటి పడకగదిలో చేరుతుంది.

ఒక అగరుబత్తి వెలిగించి, ఫ్యాను వేసి, వంటింటి గుమ్మంలో నడుం ఎత్తున పట్టుకో. పొగ దారంలా వంటింట్లోకి వంగాలి. నిలబడి సుడి తిరిగినా, హాలు వైపు వంగినా, ఫ్యాను ఎంత చప్పుడు చేసినా లాభం లేనట్టే. అందరూ చేసే తప్పు ఫ్యాను పక్కనే ఉన్న కిటికీ తెరవడం. అప్పుడు ఫ్యాను ఆ కిటికీలోని గాలినే లాగి బయటికి తోస్తుంది, పొయ్యి మీది పొగ కదలదు. వంటింటి కిటికీ మూసి, హాలుకి తూర్పున ఉన్న కిటికీ జానెడు తెరువు. గాలి ఒత్తిడి రెండు వైపులా సమానమై ఫ్యానుకి ఎదురు తగ్గుతుంది. పడకగది తలుపు మూసే ఉంచు. తాలింపుకి రెండు నిమిషాల ముందే ఫ్యాను వేసి, పొయ్యి ఆర్పాక పావుగంట తిరగనియ్యి.

ఫ్యాను బయటి వైపు నోరు కిందికి తిరిగిన రేకు గూడు బిగించు, ఎదురుగాలి సూటిగా తగలదు, వాన జల్లు కూడా రాదు. షట్టరు రెక్కలు చూడు: నూనె, దుమ్ము కలిసి బెల్లం పాకంలా పట్టేసి, ఫ్యాను వేసినా సగమే తెరుచుకుంటాయి. నెలకోసారి స్విచ్చి ఆపి, విప్పి, వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి తోము. అల్యూమినియం రెక్కలైతే సోడా వద్దు, గిన్నెల సబ్బు చాలు. మీ వంటిల్లు 8 అడుగులు, 10 అడుగులు, ఎత్తు 10, అంటే సుమారు 23 ఘనపు మీటర్లు. గంటకి 20 సార్లు గాలి మారాలంటే 450 ఘనపు మీటర్లు లాగాలి. పెట్టె మీద రాసిన అంకె అడ్డేమీ లేనప్పటిది. జాలీ, షట్టరు ఉంటే తగ్గుతుంది కనుక 600 పైన ఉన్నది తీసుకో.

దోమల కాయిల్ ఈ రోజే మానెయ్యి. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లో అచ్చయిన పరిశోధన తేల్చింది. పాపకి దోమతెర కట్టు. కిటికీ మెష్ నెలకోసారి కడుగు, రోడ్డు దుమ్ము పట్టిన మెష్ గాలిని ఆపేస్తుంది. బాత్‌రూములో గ్యాస్ గీజరుంటే వెంటనే బయటికి మార్పించు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ప్యూరిఫయరు దాన్ని పట్టలేదు.

ఇవన్నీ చేశాక, చలికాలం మంచు పొద్దుల్లో పొగ నేలబారున నిలిచే రోజులకి మెషీను పనికొస్తుంది. 10 అడుగులు, 12 అడుగులు, 10 ఎత్తున్న పడకగది 34 ఘనపు మీటర్లు. గంటకి ఐదుసార్లు శుద్ధి చేయాలంటే సీఏడీఆర్, అంటే మెషీను గంటకి ఇచ్చే శుభ్రమైన గాలి, 170 ఘనపు మీటర్లు కావాలి. రాత్రి చప్పుడు లేకుండా తక్కువ స్పీడులో నడుపుతారు కాబట్టి 300 ఉన్నది కొను. సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టరు ఉండాలి, ఊపిరితిత్తులకి చెరుపు చేసే ఓజోన్ వాయువు వదిలేది వద్దు. ఫిల్టరు ధర ముందే అడుగు, ఏటా కొనాల్సింది అదే. హెపాని నీళ్లతో కడగకు, పీచు పాడై దుమ్ము దాటిపోతుంది. గోడకి అడుగు దూరంలో పెట్టు.

ఏసీ వేసిన రాత్రి గదిలో ఉన్న గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కొత్త గాలి రావడానికి పడకగది తలుపు కింద ముప్పావు అంగుళం సందు ఉండాలి. వడ్రంగి వచ్చినప్పుడు అంతే కోయించు, ఎక్కువైతే జెర్రులు దూరతాయి.

మీ మావయ్య