మార్వెల్ జాంబీస్ చదవొచ్చా? ఏది ముందు చదవాలి?

సూపర్ హీరోలు జాంబీలుగా మారే కామిక్స్‌లో రక్తం, పేగులు తప్ప ఇంకేమైనా ఉందా, ఉంటే ఏది ముందు చదవాలి అని అడిగారు. ఉంది. ముందు 'మార్వెల్ జాంబీస్' మొదటి ఐదు సంచికలు చదవండి. 2005 చివర్లో మొదలై 2006లో ముగిశాయి. రాసింది రాబర్ట్ కిర్క్‌మన్, బొమ్మలు షాన్ ఫిలిప్స్. ఐదూ కలిపి ఒకే పుస్తకంగా దొరుకుతాయి, ఒక్క రాత్రిలో అయిపోతుంది. ఈ జాంబీలు అంతకుముందే 2005లో 'అల్టిమేట్ ఫెంటాస్టిక్ ఫోర్'లో మార్క్ మిల్లర్ రాసిన కథలో కనిపించాయి కానీ, అది చదవకపోయినా ఇబ్బంది లేదు.

మామూలు జాంబీ కథల్లో కాటు పడ్డాక ఆ మనిషి ఇక లేనట్టే. తిరిగేది ఉత్త శవం. దాన్ని చంపినా చదివేవాడికి బాధ ఉండదు. కిర్క్‌మన్ కథలో అలా కాదు. ఒళ్లు కుళ్లిపోతుంది కానీ బుర్ర మునుపటిలాగే పనిచేస్తుంది. జ్ఞాపకాలు, మాట, శక్తులు అన్నీ ఉంటాయి. వాటి మీద పెత్తనం మాత్రం ఆకలిది. మొదటి సంచికలో హీరోలంతా విలన్ మాగ్నెటో మీద పడి తినేస్తారు. కడుపు నిండాక కాసేపు ఆకలి నెమ్మదిస్తుంది. అప్పుడు స్పైడర్‌మ్యాన్‌కి చేసిందంతా గుర్తొస్తుంది. భార్య మేరీ జేన్‌నీ, పెంచిన మే పిన్నినీ తనే తినేశాడు. ఏడుస్తాడు. పక్కనున్నవాళ్లు విసుక్కుంటారు. మళ్లీ ఆకలి మొదలవగానే అతనూ వాళ్లతోపాటే వేటకి బయలుదేరతాడు.

హాస్టల్లో స్నేహితుడి దగ్గర తీసుకుని చదువుతున్నప్పుడు ఆ పేజీల దగ్గర ఆగిపోయాను. మా బాబాయి గుర్తొచ్చాడు. తాగుడున్న ఇంట్లో పెరిగినవాళ్లకి ఈ వరస కొత్త కాదు. పొద్దున లేచి పిన్ని ముందు కూర్చుని ఏడ్చేవాడు, పిల్లల మీద ఒట్టేసేవాడు. అది నాటకం కాదు, నిజంగానే ఏడ్చేవాడు. సాయంత్రమయ్యేసరికి చేతులు వణికేవి. పోపుల డబ్బాలో పిన్ని దాచుకున్న డబ్బుల కోసం వంటింట్లో వెతుకుతూ కనిపించేవాడు. పొద్దున ఏడ్చిన మనిషీ, సాయంత్రం వెతికే మనిషీ ఒక్కరే ఎలా అవుతారో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఆ కామిక్ చదివాక బాబాయి మీద కోపం పోలేదు కానీ, ఆయన ఏడుపుని మొదటిసారి నమ్మాను. అందుకే ఇందులో రక్తం తప్ప ఏమీ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోలేను.

స్పైడర్‌మ్యాన్ కన్నా భయపెట్టేది హాంక్ పిమ్ అనే ఇంకో జాంబీ హీరో. శాస్త్రవేత్త కదా, ముందుచూపు ఎక్కువ. మిగతావాళ్లకి తెలిస్తే ఒక్క పూటకే అయిపోతాడని, ఇంకా జాంబీ కాని హీరో బ్లాక్ పాంథర్‌ని ల్యాబ్‌లో దాచి, కొంచెం కొంచెంగా కోసుకు తింటుంటాడు. బుర్ర సరిగ్గా పనిచేయాలంటే ఆకలి కాస్త అదుపులో ఉండాలన్నది అతని లెక్క. సంగతి భార్య వాస్ప్ కనిపెట్టి తనూ తినబోతే, ఆమె తల కొరికి తెంపేస్తాడు. ఆ తల ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది. గ్రహాలనే మింగే గెలాక్టస్, అతని దూత సిల్వర్ సర్ఫర్ వచ్చే చివరి భాగం భారీగా ఉంటుంది కానీ, నాకు ఈ ల్యాబ్ సీన్లే ఎక్కువ గుర్తున్నాయి.

మొదటిది నచ్చితే 'మార్వెల్ జాంబీస్ 2' తప్పకుండా చదవండి. నలభై ఏళ్ల తర్వాతి కథ. తినకుండా చాలాకాలం ఉండగలిగితే ఆకలి దానంతటదే తగ్గిపోతుందని అందులో తెలుస్తుంది. అది ముందు తెలిసేది వాస్ప్ ద్వారానే. ఆ తర్వాత వచ్చిన భాగాలు వేరే రచయితలవి, అన్నీ కొనక్కర్లేదు.

మార్వెల్‌లో ఇలాంటి జాంబీ కథలు ఇంత ఆలస్యంగా 2005లో ఎందుకొచ్చాయంటే, అమెరికా కామిక్స్ పరిశ్రమ 1954లో తనకు తానే పెట్టుకున్న కోడ్ (ఏం చూపించకూడదో చెప్పే నియమాలు) నడిచే శవాలను నిషేధించింది. 1971లో రక్తపిశాచాలకి, తోడేలు మనుషులకి సడలింపు ఇచ్చినా జాంబీలకి ఇవ్వలేదు. 2001లో మార్వెల్ ఆ కోడ్‌ని వదిలేసింది కాబట్టే కిర్క్‌మన్ ఇంత దూరం వెళ్లగలిగాడు. ఆర్థర్ సైడమ్ వేసిన అట్టలు కూడా నిదానంగా చూడండి. మొదటిది 1962లో స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన అట్టకి కుళ్లిన రూపం. పాతదాన్ని పక్కన పెట్టుకుని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

మార్వెల్‌కి పోటీ కంపెనీ డీసీ వాళ్లది కావాలంటే 2019లో టామ్ టేలర్ రాసిన 'డీసీస్డ్' బాగుంటుంది. అక్కడ జబ్బు ఫోన్, టీవీ స్క్రీన్ల ద్వారా పాకుతుంది. సోకినవాళ్లకి బుద్ధి మిగలదు, కాబట్టి బాధంతా బతికున్నవాళ్లది. జబ్బు సోకిన బ్యాట్‌మ్యాన్‌ని, కొడుకులా పెంచిన ఆల్‌ఫ్రెడ్ తన చేతులతో కాల్చాల్సి వస్తుంది. ఏడిపించే కథ కావాలంటే ఇదే ముందు చదవండి.

2021లో మార్వెల్ 'వాట్ ఇఫ్' యానిమేషన్ సిరీస్‌లో వచ్చిన జాంబీ ఎపిసోడ్ చూసి కామిక్ కూడా అలాగే ఉంటుందనుకోవద్దు. అందులో జాంబీలు మాట్లాడవు, నేను చెప్పిన అసలు సంగతి అక్కడ ఉండదు. స్పైడర్‌మ్యాన్ బొమ్మ చూసి పిల్లలు అడుగుతారు, వాళ్ల చేతికి మాత్రం ఇవ్వకండి.