దొంగ బిల్లుల సంగతి ఎవరికి, ఎలా చెప్పాలి

మీరు పనిచేసే వన్యప్రాణి సంరక్షణ సంస్థలో, అడవిలో పెట్టని కెమెరాలకు కూడా మీ మేనేజర్ దాతల డబ్బుతో బిల్లులు పెడుతున్నాడని, బయటపెడితే ఉద్యోగం పోతుందేమోనని రాశారు. మీ భయం సహజమే అండి. ఆయన్ని మాత్రం నేరుగా నిలదీయకండి, ఆధారాలు మాయమైపోతాయి.

ఈ రోజే కూర్చుని తేదీలతో సహా రాసుకోండి. కళ్లారా చూసింది వేరుగా, ఎవరో చెప్పగా విన్నది వేరుగా పెట్టండి. కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా రాగానే దానంతట అదే ఫొటో తీసే కెమెరా) తీసే ఫొటోతో పాటు తేదీ, సమయం నమోదవుతాయి కదా. బిల్లులో 20 కెమెరాలుండి, ఫొటోలు 12 చోట్ల నుంచే వస్తుంటే ఆ తేడాకు లెక్క చెప్పాల్సింది ఆయనే. అయితే ఆఫీసు ఫైళ్లను సొంత మెయిల్‌కి పంపుకోకండి, తిరిగి మీ మీదే నేరం మోపొచ్చు. బిల్లు నంబరు, ఫైలు ఎక్కడుందో రాసుకుంటే చాలు. కెమెరాలున్న చోట్ల జీపీఎస్ వివరాలు ఫిర్యాదులో అసలు వద్దు. అవి వేటగాళ్ల చేతిలో పడితే పోయేది జంతువుల ప్రాణాలు.

ఫిర్యాదు ట్రస్టీల బోర్డుకో, ఆడిట్ కమిటీకో పంపండి. వాళ్లూ ఆయన మనుషులే అనిపిస్తే నిధులిచ్చిన సంస్థకు రాయండి. పేరు లేకుండా పంపేకంటే, పేరు గోప్యంగా ఉంచమని అడగడం నయమని నా అభిప్రాయం. అప్పుడే వాళ్లు మిమ్మల్ని మళ్లీ ప్రశ్నలు అడగగలరు. చిన్న టీముల్లో పేరు లేకపోయినా వివరాలే మనిషిని పట్టిస్తాయి. ఇదంతా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చేయకండి.

పంపే ముందు ఉద్యోగ చట్టాలు తెలిసిన లాయర్‌తో తప్పక మాట్లాడండి. ఎవరికి చెబితే రక్షణ దొరుకుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది.