యూరప్ సుస్థిరత నిబంధనలు: బీకాం విద్యార్థినికి దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. యూరప్ కంపెనీలకు సుస్థిరత నివేదికలు తయారుచేసే ఉద్యోగాలకు మంచి గిరాకీ ఉందని, అందుకోసం ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సులో చేరమని ఒక సంస్థవారు చెబుతున్నారు. ఫీజు లక్షన్నర. చేర్పించమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఈ రంగం మీ అమ్మాయికి తగినదే. కానీ ఇప్పుడే అంత డబ్బు కట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇలాంటి కోర్సుల్లో ఎక్కువగా బోధించేది నిబంధనల పాఠాన్ని. ఆ నిబంధనలే నాలుగేళ్లు తిరగకుండా మారిపోయాయి.

కంపెనీల సుస్థిరత నివేదికలకు సంబంధించిన యూరోపియన్ యూనియన్ చట్టం సీఎస్‌ఆర్‌డీ 2023 జనవరిలో అమల్లోకి వచ్చినప్పుడు, అది దాదాపు 50 వేల కంపెనీలకు వర్తిస్తుందని అంచనా వేశారు. వాతావరణ మార్పుల వల్ల కంపెనీకి కలిగే నష్టాన్నే కాక, కంపెనీ పనుల వల్ల ప్రజలకూ ప్రకృతికీ కలిగే ప్రభావాన్ని కూడా వెల్లడించాలన్నది అందులోని ముఖ్యమైన నియమం. అయితే పరిశ్రమల నుంచి ఒత్తిడి పెరగడంతో 2025లో ముందు గడువులు పొడిగించారు. ఆ ఏడాది డిసెంబరులో, వెయ్యి మందికి పైగా ఉద్యోగులూ 45 కోట్ల యూరోలకు మించిన టర్నోవరూ ఉన్న కంపెనీలకే దీన్ని పరిమితం చేసేందుకు అంగీకారానికి వచ్చారు. దీన్నిబట్టి పని పోయిందని అనుకోనక్కరలేదు. పెద్ద కంపెనీ తన సరఫరాదారుల ఉద్గారాలను (గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులను) కూడా లెక్క చూపవలసి ఉంటుంది కనుక, ఆ ప్రశ్నలు మన ఎగుమతిదారుల దాకా వస్తూనే ఉంటాయి.

మీ ఊరికి మరింత దగ్గరి విషయం సీబామ్, అంటే యూరప్ సరిహద్దులో విధించే కార్బన్ సుంకం. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దీని పరిధిలోకి వస్తాయి. 2023 అక్టోబరు నుంచి నివేదికలకే పరిమితమైన ఈ ఏర్పాటు, 2026 జనవరి నుంచి ఖర్చుతో కూడిన బాధ్యతగా మారింది. ఈ సుంకం కింద ఉద్గారాలకు తగినన్ని సర్టిఫికెట్లు కొనవలసింది అక్కడి దిగుమతిదారుడే అయినా, ఉద్గారాల లెక్క ఇవ్వవలసింది ఇక్కడి కర్మాగారం. నమ్మదగిన లెక్క ఇవ్వలేకపోతే యూరోపియన్ కమిషన్ నిర్ణయించిన, సాధారణంగా ఎక్కువగా ఉండే ప్రామాణిక విలువలు వర్తిస్తాయి. శుభ్రంగా నడిచే కర్మాగారానికి అది నష్టమే.

ఈ ఉద్యోగంలో అసలు పని ఎలా ఉంటుందో చెబుతాను. నెలకు లక్ష యూనిట్ల కరెంటు, 2 వేల లీటర్ల డీజిల్ వాడే కర్మాగారం ఉందనుకోండి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున, కరెంటు కింద 70 టన్నులు, డీజిల్ కింద 5.4 టన్నులు తేలుతాయి. ఈ గుణకారం ఎవరైనా చేస్తారు. ఆ బిల్లు ఏ మీటరుదో, డీజిల్ జనరేటరుకు పోయిందో లారీలకు పోయిందో స్టాకు రిజిస్టరు చూసి తేల్చడమే కష్టం. పైగా ఆ కరెంటు ఉద్గారాలు సీఎస్‌ఆర్‌డీ నివేదికలో లెక్కకు వస్తాయి, ఉక్కుపై సీబామ్ సుంకంలో రావు, సిమెంటుపై వస్తాయి. వోచర్లు సరిచూడడం నేర్చిన కామర్స్ విద్యార్థులు ఇక్కడ రాణిస్తారని నా గట్టి నమ్మకం.

అందుకని ముందు డిగ్రీ మంచి మార్కులతో పూర్తి చేయించి, సీఏ లేదా సీఎంఏలో చేర్పించండి. ఈలోగా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే, ఉద్గారాలను ఎలా లెక్కించాలో చెప్పే గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్‌ను, మన దేశంలో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు సెబీ తప్పనిసరి చేసిన బీఆర్‌ఎస్‌ఆర్ అనే సుస్థిరత నివేదికలను చదవమనండి. రెండు కంపెనీల నివేదికలు పక్కపక్కన పెట్టి, ఏ అంకెకు ఆధారం చూపలేదో గుర్తించమనండి. ఎక్సెల్ బాగా రావాలి. వీలైతే ఏదైనా ఎగుమతి సంస్థలో గానీ ఆడిట్ కార్యాలయంలో గానీ రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేయించండి. హైదరాబాద్‌లోని పెద్ద ఆడిట్ సంస్థల్లో ఈ పనికి ప్రత్యేక బృందాలున్నాయి.

ఇవన్నీ అయ్యాక కూడా కోర్సు అవసరమనిపిస్తే, ఆ సంస్థవారిని రెండే అడగండి: 2025 మార్పుల తరువాత పాఠ్యాంశాలను సవరించారా, నిజమైన బిల్లులతో లెక్కలు చేయిస్తారా. రెండింటికీ రాతపూర్వకంగా జవాబు ఇస్తేనే ఫీజు సంగతి మాట్లాడండి.