ముందు అవ్వల దగ్గరికి వెళ్ళు

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి, మేనత్త ఆశీస్సులు.

నువ్వు వంశవృక్షం రాయడం మొదలుపెట్టావని మీ నాయన చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే సంతోషం. నువ్వు వాట్సాప్‌లో పంపిన చార్టు కూడా చూశాను. తాతల వరుస చక్కగా తీశావు. కానీ ప్రతి తాత పక్కనా ‘భార్య’ అని రాసి ఖాళీ వదిలేశావు. ఈ పనిలో అసలు ఆనందం ఆ ఖాళీ దగ్గరే ఉంది. నీ నుంచి నాలుగు తరాలు పైకి పోతే, మేనరికాలు లేకుంటే, 16 మంది ఉంటారు. వాళ్ళలో మన ఇంటిపేరుతో పుట్టింది ఒక్కరే. మిగిలిన 15 మంది ఎక్కడివాళ్ళు? ఒక్కో అవ్వ పుట్టినూరు పట్టుకుంటే ఒక్కో కొత్త ఊరు, కొత్త ఇంటిపేరు, మనకు తెలియకుండా ఇన్నాళ్ళూ పక్క మండలంలోనే ఉన్న చుట్టాలు బయటపడతారు. నేనూ ఈ ఇంట్లో పుట్టి ఇంకో ఇంటికి వెళ్ళినదాన్నే కదా, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఆఫీసులకు పోవద్దు. కాగితం ఇంకో పదేళ్ళు ఆగుతుంది, పెద్దవాళ్ళు ఆగరు. ఎనభై దాటిన అవ్వలు, తాతలు ఎవరెవరు ఉన్నారో రాసుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళు. మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఏ చింతపండు గింజలు తీస్తున్నప్పుడో పక్కన కూర్చుని నువ్వూ చేతులు కలుపు. ‘మీ అమ్మ పేరేంది, ఎప్పుడు పుట్టింది’ అని అడిగితే గుర్తు లేదంటారు. ‘నీ పెళ్ళికి ఎవరెవరు వచ్చినారు? బండి ఎవరు కట్టినారు? తొలికాన్పుకు ఏ ఊరికి పోయినావు?’ అని అడుగు. మాట దానంతట అదే సాగుతుంది. ఫోన్‌లో రికార్డు చేస్తానని ముందే చెప్పు, చాటుగా చేయొద్దు. చిన్నప్పుడే పోయిన బిడ్డల గురించి వాళ్ళు మాట్లాడితే ఓపికగా విను, ఆ బిడ్డల పేర్లూ చార్టులో రాయి. తల్లి లెక్కలో వాళ్ళు ఉన్నవాళ్ళే.

తర్వాత ఇంట్లో వెతుకు. అటక మీది ఇత్తడి, కంచు సామాను దించి, చింతపండుతో తోమి, మూతి చుట్టూ చూడు. పెళ్ళికి ఇచ్చిన పాత్ర మీద ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఒక్కోసారి తేదీ కూడా చెక్కించేవాళ్ళు. భూమి కాగితాల్లో కనపడని ఆడవాళ్ళ పేర్లు బిందెల మీద కనపడతాయి. ఇంకొకటి చదివింపుల పుస్తకం. పాత పెళ్ళిళ్ళది ఒక్కటి దొరికినా వదలొద్దు. ఎవరు ఎంత చదివించారో, ఏ ఊరివాళ్ళో వరుసగా రాసి ఉంటుంది. ఆ రోజుల్లో ఆ ఇంటికి ఎవరు దగ్గరో దాన్ని బట్టి తెలిసిపోతుంది. పాత శుభలేఖలు, ఫోటోల వెనక రాతలు కూడా చూడు. తద్దినం పెట్టే ఇళ్ళలో నాయన వైపు మూడు తరాల పేర్లు చెబుతారు, ఆడవాళ్ళవి కూడా. మహాలయ పక్షాల్లో అయితే అమ్మ పుట్టింటివాళ్ళ పేర్లూ వస్తాయి. అందుకే పురోహితుడి దగ్గరున్న పాత చీటీ కూడా అడిగి చూడు.

మనవైపు పేర్లతో పెద్ద చిక్కు ఒకటుంది. కొండ కింద ఊర్లు కదా, ఎక్కడ చూసినా వెంకటేశులు, వెంకటరమణ, మంగమ్మ, మునెమ్మ, మునిరత్నం. పైగా తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. ఒకే ఇంట్లో ముగ్గురు వెంకటరమణలు ఉంటే ఎవరి కథ ఎవరికి అంటుకుంటుందో తెలియదు. అందుకని పేరుతో పాటు ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వు. మేనరికాలు వచ్చినప్పుడు ఆ నంబర్లే నిన్ను కాపాడతాయి. అక్క కూతుర్ని తమ్ముడు చేసుకున్న ఇంట్లో ఒకే మనిషి కూతురి బిడ్డగా ఒకసారి, కోడలిగా ఒకసారి వస్తుంది. గ్రాంప్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటివి కలపొచ్చు. అయితే మొదట చేత్తో రాయి, వరుసలు బుర్రకెక్కుతాయి.

సంవత్సరాల సంగతీ అంతే. ‘ధాతలో పుట్టింది’ అని ఎవరైనా చెప్పినా, పాత కాగితంలో అలా రాసి ఉన్నా తొందరపడొద్దు. ధాత అనేది తెలుగు సంవత్సరం పేరు, అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది. అది 1876-77 కావచ్చు, 1936-37 కావచ్చు. మొదటిదైతే ఆమె పుట్టింది ధాత కరువులోనే. రాయలసీమను, మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా భాగాన్ని పీల్చి పిప్పిచేసిన కరువది. ఆమె పిల్లల వయసు పక్కన పెట్టి చూస్తే ఏదో తేలిపోతుంది. స్కూలు రికార్డులో పుట్టినరోజు జూలై 1 అని ఉంటే మాత్రం నమ్మొద్దు. అది బడిలో చేర్చుకోవడానికి వీలుగా అయ్యవారు వేసిన తేదీ కావచ్చు. అదే అడ్మిషన్ రిజిస్టర్‌లో తండ్రి పేరు, ఊరు మాత్రం పనికొస్తాయి.

ఇక ఆఫీసులు. ఇక్కడ చాలామంది తప్పు జిల్లాలో వెతికి విసిగిపోతారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఊర్లు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు ఊర్లు చెంగల్పట్టు జిల్లా నుంచి మనకొచ్చాయి. తిరుపతి వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లోనే. అందుకని ఏ కాగితం కోసం వెళ్ళినా, ఆ సంవత్సరంలో ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో ముందు చూసుకో. పాత ఉత్తర ఆర్కాటు రికార్డుల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌ దాకా పోవాల్సి రావచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మన పొలాల భాగపంపకాల దస్తావేజులు అడుగు, అన్నదమ్ములందరి పేర్లూ తండ్రి పేరుతో సహా ఒకేచోట దొరుకుతాయి. కూతురికి పసుపు కుంకుమ కింద పొలం రాసిచ్చిన కాగితం దొరికిందంటే నీ పంట పండినట్టే. ఊరి భూమి లెక్కలు రాసే కరణాల వ్యవస్థ 1984లో పోయింది, వాళ్ళ దగ్గరున్న పాత పుస్తకాలు ఎక్కడ చేరాయో ఊరినిబట్టి ఉంటుంది. కరణం ఇంటివాళ్ళను మర్యాదగా అడిగి చూడు.

మన వంశంలో ‘ఓడెక్కి పోయినాడు, మళ్ళీ రాలేదు’ అని ఎవరి గురించైనా విన్నావంటే ఆ మాటను చివరిదాకా పట్టుకో. 1860 నవంబర్‌లో ట్రురో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకుని దక్షిణాఫ్రికాలోని నాటాల్ చేరింది. 1911 వరకూ అలా వెళుతూనే ఉన్నారు. మన ఉత్తర ఆర్కాటు ఊర్లవాళ్ళు వాళ్ళలో చాలామంది. ఓడ పట్టీల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా రాసేవాళ్ళు. మారిషస్ వెళ్ళినవాళ్ళ రికార్డులు అక్కడ మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఇక్కడ మనవాళ్ళు మరిచిపోయిన మనిషి పేరు సముద్రం అవతల ఒక పుస్తకంలో, ఆయన ఊరి పేరుతో సహా ఉండొచ్చు. అలాంటిది ఒక్కటి దొరికినా ఎంత ఆనందమో ఆలోచించు.

రెండో పెళ్ళి, దత్తత, కులం కాని పెళ్ళి లాంటివి బయటపడతాయి. నీ నోటుబుక్కులో నిజం నిజంగానే రాయి. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. బతికున్నవాళ్ళు ఒప్పుకుంటేనే వాళ్ళ సంగతి ఇంకొకరికి చెప్పు. బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు చార్టులో వేయొద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక రోజు ముందే బయల్దేరి పలమనేరు అవ్వను చూసి రా. మా అమ్మ పుట్టింటి వరుస మొత్తం ఆమెకు నోటికి వచ్చు. కుడి చెవి సరిగా వినపడదు, ఎడమ పక్కన కూర్చుని మాట్లాడు. ఏ పాత ఫోటో అయినా ఉంటే పెద్దగా ప్రింట్ తీయించి తీసుకుపో.

ఇట్లు,
నీ మేనత్త