తిరుపతి తేమలో బాత్ బాంబులు ఉబ్బకుండా, పగలకుండా

రాత్రి అచ్చుల్లో పెట్టిన బాత్ బాంబులు (స్నానపు నీళ్ళలో వేస్తే పొంగి కరిగే ఉండలు) తెల్లారేసరికి ఉబ్బి, ఒళ్ళంతా పొక్కులు తేలుతున్నాయని, కొన్నేమో అచ్చులోంచి తీస్తుంటేనే పగిలిపోతున్నాయని రాశారు. కొలతలు మార్చాలా అని అడిగారు.

కొలతల జోలికి పోకండి. వంటసోడా రెండు పాళ్ళు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఒక పాలు, అంతే. నేను 200 గ్రాముల సోడాకి 100 గ్రాముల నిమ్మ ఉప్పు, 50 గ్రాముల కార్న్‌ఫ్లోర్, రెండు చెంచాల కొబ్బరినూనె వేస్తాను. తేడా వచ్చేదల్లా నీళ్ళతోనే. సోడా, నిమ్మ ఉప్పు పొడిగా ఉన్నంతసేపు గమ్మున ఉంటాయి. తడి తగిలిందంటే కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఆ పొంగు బకెట్లో రావాల్సింది, మీ అచ్చులోనే వచ్చేస్తోంది. ఉబ్బడం, పొక్కులు అన్నీ దాని పనే.

మన ఊళ్ళో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. అప్పుడు గాలిలో తేమే చాలు, మీరు చుక్క నీళ్ళు పోయకపోయినా పని జరిగిపోతుంది. ఆ నెలల్లో నేను నీళ్ళు మానేసి మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే చేస్తాను. దానికి సోడా పొంగదు, త్వరగా ఆరిపోతుంది కూడా. మంట అంటుకునే సరుకు కాబట్టి స్టవ్ దగ్గర, దీపం దగ్గర వద్దు, కిటికీ తీసి ఉంచండి. ఆరబెట్టేటప్పుడు మాత్రం కిటికీలు మూసి, ఏసీ ఉంటే ఆ గదిలో పెట్టండి. వంటింట్లో అన్నం ఆవిరి దగ్గర అస్సలు వద్దు.

పగిలేవాటి సంగతి దీనికి తలకిందులు: తడి చాలలేదు, లేదా గట్టిగా నొక్కలేదు. పిడికెడు పొడి తీసుకుని నొక్కి చూడండి. సున్నుండలా నిలబడితే సరే. వేలు తగలగానే రాలిపోతే ఇంకొక్క స్ప్రే కొట్టి, వెంటనే చేత్తో కలిపేయండి. అచ్చుకి నేను ఇడ్లీ ప్లేటు వాడతాను. సగం ముక్కలే వస్తాయి, గుండ్రంగా ఉండాలన్న పట్టుదల నాకు లేదు. మెత్తటి సిలికాన్ అచ్చుల్లో గట్టిగా నొక్కడం కుదరదు, అందుకే అవి నాకు నచ్చవు.

ఇంకొక మాట. చలిదేశాల వీడియోల్లో కొబ్బరినూనె గడ్డకట్టి ముద్దను పట్టి ఉంచుతుంది. అది 24 డిగ్రీలు దాటితే కరిగిపోతుంది, మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు అది సీసాలో నీళ్ళలాగే ఉంటుంది కదా. గట్టిపడుతుందేమోనని నూనె పెంచితే ముద్ద మెత్తబడుతుంది, బాత్రూం గచ్చు జారుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాడాక సబ్బునీళ్ళతో కడిగేయండి.

రంగుకి పసుపు వేద్దామనుకుంటున్నారేమో, సోడా తగిలి తడైతే పసుపు అక్కడక్కడా ఎర్రబారుతుంది. కుంకుమ చేసేది కూడా పసుపుకి సున్నం లాంటిది కలిపేగా! పైగా తువ్వాళ్ళకి మరక. చర్మానికి వాడే మైకా, అంటే మెరిసే రంగు పొడి, చిటికెడు చాలు.

ఇప్పటికే ఉబ్బిపోయినవాటిని పారేయకండి. పొంగింది పొంగగా మిగిలిన సత్తువ ఉంటుంది. చిదిమి, బాగా ఆరబెట్టి, గాలి చొరబడని డబ్బాలో పోసుకోండి. మన ఇళ్ళల్లో బాత్‌టబ్బులు ఎక్కడున్నాయి గనక, నా చేతి సరుకులో సగం కాళ్ళ టబ్బులోకే పోతుంది. అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి వచ్చిన సాయంత్రం మా అత్తగారు అడిగి మరీ వేయించుకుంటారు. నొప్పి తగ్గించేది వేడినీళ్ళేలే, ఆ బుడగలు చూస్తుంటే ఆవిడకి సరదా. కాళ్ళకి పగుళ్ళు, పుళ్ళు ఉంటే మాత్రం మంట పుడుతుంది, వద్దు.

అన్నట్టు, నీళ్ళలో వేసినా నీరసంగా పొంగుతున్నాయంటే డబ్బా మీద పేరు చూడండి. బేకింగ్ పౌడర్ వేరు, మనకి కావాల్సిన బేకింగ్ సోడా, అంటే వంటసోడా, వేరు. షాపులో రెండూ పక్కపక్కనే పెడతారు.